ఎంబీబీఎస్ సీటు కావాలంటే పదో తరగతి నుంచే చూసుకోవాల్సినవి

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే తల్లిదండ్రులు వస్తారు. "మేడం, మా అమ్మాయి డాక్టర్ అవుతానంటోంది, ఎక్కడ చేర్చమంటారు?" అని అడుగుతారు. వాళ్లు తెలుసుకోవాలనుకునేది ఏ కోచింగ్ మంచిదో. నేను మాత్రం ముందు "తొమ్మిది, పది ఎక్కడ చదివింది?" అని అడుగుతాను.

సీటు మార్కులతోనే వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ వచ్చిన మార్కులకు రావాల్సిన సీటు కాగితాల దగ్గర, కౌన్సెలింగ్ దగ్గర పోగొట్టుకున్న పిల్లల్ని కూడా చూశాను. బాగా చదివిన పిల్లకు అలా జరిగితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అందుకే ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత చదువు దగ్గరికి వస్తాను.

ఇంటర్ ఎక్కడ చదవాలి

మధిర, సత్తుపల్లి వైపు వాళ్లకు విజయవాడ అంటే పక్క ఊరు కిందే లెక్క. పెద్ద పెద్ద కాలేజీలు, హాస్టళ్లు అక్కడ ఉన్నాయని పది అవగానే పిల్లల్ని అక్కడ చేర్చడం ఎన్నో ఏళ్లుగా అలవాటు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 ఇచ్చాక ఆ అలవాటు ప్రమాదంలో పడింది. దాని ప్రకారం కన్వీనర్ కోటాలో, అంటే రాష్ట్ర కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లలో, లోకల్ అనిపించుకోవాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలి. ఇంటర్ పాసయ్యేదీ ఇక్కడే అవ్వాలి. దీని మీద చాలామంది కోర్టుకు వెళ్లారు. చివరికి 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధన చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. బయట పనిచేయాల్సి వచ్చిన కొందరు ఉద్యోగుల పిల్లలకు, సైన్యంలో ఉన్నవాళ్ల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి. మిగతావాళ్లకు నాలుగేళ్ల లెక్కే.

"మాది తరతరాలుగా ఇదే ఊరు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఇక్కడివే" అంటే కుదరదు. అక్కడ చూసేది చదివిన చోటు. పది దాకా ఖమ్మంలో చదివి ఇంటర్ విజయవాడలో చదివిన అబ్బాయి ఇక్కడ నాన్‌లోకల్ అవుతాడు. ఆ రెండేళ్ల చదువు అతన్ని ఆంధ్రప్రదేశ్‌లోనూ లోకల్ చేయదు. రెండు చోట్లా లోకల్ కాకుండా పోతే అతనికి ప్రధానంగా మిగిలేది ఆలిండియా కోటా, అంటే ప్రభుత్వ కాలేజీల్లో దేశమంతటి పిల్లలూ పోటీ పడే 15 శాతం సీట్లు. అందుకే చెబుతున్నాను, విజయవాడ కాలేజీ ఎంత మంచిదైనా సరే, చేర్చేముందు ఈ లెక్క వేసుకోండి. ఇక్కడి కాలేజీలో పేరు రాయించి అక్కడి హాస్టల్లో చదివించే డమ్మీ పద్ధతి గురించి కూడా అడుగుతారు. నేను వద్దనే చెబుతాను. పిల్ల జీవితాన్ని తెచ్చి ఒక దొంగ హాజరు పట్టీ మీద పెట్టకండి.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క కొంచెం వేరు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు అక్కడ నడుస్తున్నాయి. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా నుంచి ఉమ్మడి ప్రకాశం వరకు ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాలు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. సీట్లలో 85 శాతం ఆ పరిధిలోని లోకల్ పిల్లలవి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఒకే పరిధిలో చదివితే అక్కడ లోకల్. అలా లేకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువకాలం ఎక్కడ చదివారో చూస్తారు. అందుకే ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు.

ఆ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. ఆరో తరగతి చదివిన చిన్న ప్రైవేటు స్కూలు మూతపడిపోయి, రికార్డులు ఎక్కడున్నాయో తెలియక కౌన్సెలింగ్ మధ్యలో ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరిగిన తండ్రి ఒకాయన నాకు తెలుసు.

కాగితాలు

పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో ఆధార్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలా పూర్తి పేరా, పుట్టినతేదీ, తండ్రి పేరు, అన్నీ సరిపోవాలి. ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష అయిన నీట్ అప్లికేషన్ వచ్చాక ఆధార్ కేంద్రం దగ్గర క్యూలో నిలబడటం కన్నా ఇంటర్ ఫస్టియర్ సెలవుల్లో ఈ పని ముగించడం మంచిది.

రిజర్వేషన్ ఉన్నవాళ్లు రెండు రకాల సర్టిఫికెట్లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు మన బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ సర్టిఫికెట్ చాలు. ఆలిండియా కోటాకు కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో బీసీగా ఉన్న కొన్ని కులాలు కేంద్రం ఓబీసీ జాబితాలో లేవు, కాబట్టి ముందే చూసుకోండి. ఇక్కడ ఉద్యోగుల ఇళ్లలో ఒక అపోహ ఉంది. "మా జీతం ఎనిమిది లక్షలు దాటింది, మేం క్రీమీలేయర్" అని సర్టిఫికెట్‌కు అప్లై చేయడమే మానేస్తారు. ఆ ఎనిమిది లక్షల లెక్కలో జీతం, వ్యవసాయం మీద వచ్చే ఆదాయం కలపరు. ఉద్యోగులకు చూసేది తల్లిదండ్రుల హోదా, అంటే గ్రూప్-ఏ, గ్రూప్-బీ స్థాయి ఉద్యోగమా కాదా అన్నది. స్కూల్ టీచర్ల పిల్లలు చాలామంది ఈ ఒక్క అపోహతో ఆలిండియా కోటాలో ఓపెన్ కింద పోటీ పడుతున్నారు. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదల కోటా) అయితే అలా కాదు, అందులో జీతంతో సహా ఇంటి ఆదాయమంతా ఎనిమిది లక్షల లోపు ఉండాలి. ఎస్సీ పిల్లలు 2025లో రెండు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ అమల్లోకి వచ్చిందని గుర్తుంచుకుని, తమ గ్రూపు రాసి ఉన్న కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. నాన్నో అమ్మో ఫ్యాక్టరీలోనో ప్రైవేటు సంస్థలోనో పనిచేస్తూ జీతంలోంచి ఈఎస్ఐ కడుతుంటే, హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉన్నలాంటి ఈఎస్ఐసీ మెడికల్ కాలేజీల్లో వాళ్ల పిల్లలకు విడిగా కోటా ఉంది. దానికి ఈఎస్ఐసీ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, సీటు కేంద్ర కౌన్సెలింగ్‌లో వస్తుంది. ఆ కోటాలో పోటీ తక్కువ. ఈఎస్ఐ కార్డు ఉన్న ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలని నా కోరిక.

పరీక్ష సంగతి

2025లో జరిగిన పద్ధతి చెబుతాను. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. రాసే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, పైన వయసు పరిమితి లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకు 40 శాతం. నీట్ గొడవలో పడి ఇంటర్‌ను గాలికి వదిలేసేవాళ్లు ఈ గీత మర్చిపోకండి. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి, పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌టీఏ ఆ ఏడాది ఇచ్చే ఇన్ఫర్మేషన్ బులెటిన్ మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకసారి చదవాలి.

తెలుగులో కూడా రాయవచ్చు. తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే ప్రమాణం. ఊళ్ల నుంచి వచ్చే తెలుగు మీడియం పిల్లలకు నేను చెప్పేది ఒకటే. పేపర్ ఏ భాషలో తీసుకున్నా పదాలు రెండు భాషల్లోనూ రావాలి. "వృక్క నాళిక" అని నేర్చుకున్న రోజే పక్కన "నెఫ్రాన్" అని రాసుకో తల్లీ. ఎంబీబీఎస్‌లో చేరాక అంతా ఇంగ్లిషే కాబట్టి ఆ కష్టం ఎక్కడికీ పోదు.

బయాలజీ

నా సబ్జెక్టు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను. 720లో 360 మార్కులు ఇందులోనే ఉన్నాయి, పుస్తకం నమ్ముకున్న పిల్లకు ఇవి అందేవే.

ముందు ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) ఇచ్చిన నీట్ సిలబస్‌ను ప్రింట్ తీసుకుని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పక్కన పెట్టుకోండి. 2024 నుంచి సిలబస్ మారింది. జీర్ణవ్యవస్థ పాఠం నీట్‌లో తీసేశారు. అదే సమయంలో కొత్త ఎన్‌సీఈఆర్‌టీలో లేని జంతు కణజాలాలు నీట్ సిలబస్‌లో ఉన్నాయి. కొత్త పుస్తకం ఒక్కటే చదివేవాళ్లకు ఆ పాఠం తప్పిపోతుంది, అన్నయ్య పాత పుస్తకంతో చదివేవాళ్లు అవసరం లేనివి కూడా బట్టీ పడతారు. పుస్తకంలోనే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటే ఈ సమస్య రెండు గంటల్లో తీరిపోతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ చదవమని అందరూ చెబుతారు, ఎలాగో చెప్పరు. మా క్లాసులో నేను చేయించేది ఇది. శ్వాసక్రియ పాఠంలో ఒక చిన్న పట్టిక ఉంటుంది. వాతావరణంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం 159, వాయుకోశాల్లో 104, ఆక్సిజన్ లేని రక్తంలో 40, ఉన్న రక్తంలో 95, కణజాలాల్లో 40. దీన్ని అంకెలుగా బట్టీ పడితే నాలుగు రోజుల్లో మర్చిపోతారు. అందుకని వాయుకోశం నుంచి కణం దాకా ఒక గీత గీసి, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు ఆక్సిజన్ ఎలా వెళుతుందో ఆ అంకెలతో నోటితో చెప్పమంటాను. తర్వాత కార్బన్ డై ఆక్సైడ్‌కు అదే గీత వెనక్కి గీయమంటాను. ఇక ఆ పట్టిక మీద ప్రశ్న ఎటు తిప్పి అడిగినా పిల్లలు తడుముకోరు. మూత్రపిండాల పాఠంలో నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోత అని ఉంటుంది. దాన్ని 60తో, 24తో గుణించి రోజుకు 180 లీటర్లు అవుతుందని వాళ్లే కట్టుకోవాలి. మనం విసర్జించేది లీటరున్నర చిల్లర కదా, మిగతాది ఏమైంది అని అడిగితే తిరిగి పీల్చుకోవడం అనే అంశం దానంతట అదే వచ్చేస్తుంది.

ఈ మధ్య ప్రశ్నలు పొడుగ్గా ఇస్తున్నారు. రెండు వాక్యాలు ఇచ్చి ఏది ఒప్పు అనడం, కారణం-వివరణ, జతపరచడం ఎక్కువ. పాఠంలోని వాక్యాన్నే తీసుకుని ఒక్క మాట మారుస్తారు. అందుకే బొమ్మల కింద రాసిన చిన్న అక్షరాలు, పాఠం చివర ఉన్న సారాంశం కూడా వదలకూడదు. పాఠం అయిపోయాక పక్కనున్న అమ్మాయితో కూర్చుని, ఒకరు వాక్యం మార్చి చదవాలి, ఇంకొకరు తప్పు పట్టుకోవాలి. డబ్బు ఖర్చు లేని ఈ ఆట మెటీరియల్ కట్టల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

జన్యుశాస్త్రం, మానవ శరీరధర్మం, ప్రత్యుత్పత్తి, బయోటెక్నాలజీ, ఆవరణశాస్త్రం గట్టిగా రావాలి. జంతురాజ్యం, వృక్షరాజ్యం పాఠాల్లో ఉదాహరణల పేర్లు చాలా ఉంటాయి కాబట్టి వాటిని రోజుకు పది నిమిషాలు, పరీక్ష ముందురోజు దాకా తిప్పుతూనే ఉండాలి. ఒక్కసారి కూర్చుని పూర్తి చేసే పాఠాలు కావవి.

ఫిజిక్స్, కెమిస్ట్రీ

బైపీసీ పిల్లలు పదితో లెక్కలు వదిలేస్తారు, ఫిజిక్స్ దగ్గర భయం అక్కడే మొదలవుతుంది. పది అయ్యాక వచ్చే వేసవిలో లాగరిథమ్స్, సైన్ కాస్, గ్రాఫులు, వెక్టర్లు, కొద్దిగా డిఫరెన్షియేషన్ నేర్చుకుంటే ఆ భయం సగం పోతుంది. పక్కింట్లో ఎంపీసీ చదివే అన్నో అక్కో ఉంటే చాలు, కోచింగ్ అక్కర్లేదు. 2025 పేపర్లో ఫిజిక్స్ ఎంత కష్టంగా వచ్చిందంటే దేశంలో మొదటి ర్యాంకుకే 686 మార్కులు వచ్చాయి. అంతకుముందు ఏడాది 720కి 720 వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. కెమిస్ట్రీలో ఇనార్గానిక్‌కు పుస్తకంలోని వాక్యమే ఆధారం. ఆర్గానిక్ చర్యలకు సొంత చేతిరాతతో ఒక పుస్తకం పెట్టుకోండి. ఫిజికల్ కెమిస్ట్రీకి రోజూ కొన్ని లెక్కలు చేయడం తప్ప వేరే దారి లేదు.

మాక్ టెస్టులు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా రాయించండి, అసలు పరీక్ష ఆ వేళకే జరుగుతుంది కాబట్టి. భోజనం చేసిన తర్వాత మెదడు మందగించే సమయం అది, ఒంటికి అలవాటు కావాలి. బయాలజీ యాభై నిమిషాల్లో ముగిస్తే ఫిజిక్స్‌కు ఊపిరి ఉంటుంది. ఓఎమ్మార్ బబ్లింగ్ చివరికి వదలకుండా పేజీ అయిపోగానే దిద్దేయాలి. నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా తప్పని తెలిస్తే మిగతా రెండింటిలో ఒకటి పెట్టవచ్చు, సగటున లాభమే. ఏదీ తెలియకపోతే వదిలేయడమే నా సలహా. ఒక తప్పు అంటే పోయేది ఒక్క మార్కే అనిపిస్తుంది కానీ అలాంటివి ఇరవై అయితే వేల ర్యాంకులు కిందికి జారిపోతారు.

పరీక్ష రోజు మధ్యాహ్నం 1.30కు గేటు మూసేస్తారు. పొట్టి చేతుల బట్టలు, చెప్పులు వేసుకోండి, షూ వద్దు. ముందురోజే సెంటర్ చూసి రండి. ఖమ్మంలో మే నెల ఎండ తెలిసిందే, పిల్లను ఎండలో గంటల తరబడి నిలబెట్టకండి.

లాంగ్‌టర్మ్, మనసు

మొదటిసారి సీటు రాకపోతే ఇంకో ఏడాది కూర్చోవాలా? నేను మార్కుల కన్నా ఆ ఏడాది ఎలా గడిచిందో చూస్తాను. బయాలజీ బాగా వచ్చి ఫిజిక్స్ దగ్గర ఆగిపోయిన పిల్లకు ఒక్క లాంగ్‌టర్మ్ చాలా మేలు చేస్తుంది. మూడు సబ్జెక్టులూ తేలిపోయి, పుస్తకం చూస్తేనే ఏడుపొచ్చే స్థితిలో ఉన్న పిల్లను మళ్లీ అదే హాస్టల్లో వేయడం న్యాయం కాదు. రెండో లాంగ్‌టర్మ్ అయితే పిల్ల నోటితో "నేను చదువుతాను" అని చెప్పాలి, తల్లిదండ్రులు చెప్పకూడదు. గురుకులాల్లో చదివే పిల్లలు గౌలిదొడ్డి లాంటి ప్రత్యేక కాలేజీల్లో సీటు కోసం తప్పకుండా ప్రయత్నించాలి, ఇంటి మీద రూపాయి భారం లేకుండా అక్కడి నుంచి ఎంబీబీఎస్‌కు వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు.

హాస్టల్లో ఉన్న పిల్ల ఫోన్‌లో మాట్లాడటం తగ్గించినా, అన్నం సరిగా తినడం లేదని తెలిసినా, "ఏం లేదు" అని పదే పదే అంటున్నా, ఆ ఆదివారం బస్సెక్కి వెళ్లి చూడండి. వీక్లీ టెస్ట్ ర్యాంకు అడగకండి. మీతో చెప్పలేకపోతే టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ చదువుల ఒత్తిడికి పోయిన పిల్లలు ఉన్నారు. ఏ సీటూ అంత విలువైనది కాదు.

కౌన్సెలింగ్

ఫలితాల్లో "క్వాలిఫైడ్" అని కనిపించగానే ఊళ్లో మిఠాయిలు పంచేస్తారు. 2025లో జనరల్ కటాఫ్ 144, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్లకు 113. అలా అర్హత పొందినవాళ్లు 12 లక్షల పైన ఉన్నారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. అర్హత అంటే కౌన్సెలింగ్ గుమ్మం దాకా వచ్చారని మాత్రమే.

ఎన్ని మార్కులకు సీటు వస్తుందని నన్ను అడగొద్దు. పేపర్ కష్టాన్ని బట్టి మార్కులు ఏడాదికొక రకంగా ఉంటాయి, అందుకే ర్యాంకుతో చూడాలి. మన రాష్ట్ర కౌన్సెలింగ్ చేసే కాళోజీ యూనివర్సిటీ గత ఏడాది ఇచ్చిన అలాట్‌మెంట్ జాబితాలు తీసుకుని, మీ కేటగిరీలో ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం జాబితాలు ఉంటాయి.

రెండు చోట్లా రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా, వాటిని ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నింపుతుంది. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్, పుదుచ్చేరి జిప్మర్, డీమ్డ్ యూనివర్సిటీలు కూడా దాని కిందే వస్తాయి. మిగతావి రాష్ట్రానివి, వాటికి మన దగ్గర వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటా, 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై. ఈ చివరి రెండింటినీ కలిపి మేనేజ్‌మెంట్ కోటా అంటారు. తెలంగాణలో కన్వీనర్ కోటా ఫీజు ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి పది వేలు, ప్రైవేటులో అరవై వేలు. బీ కేటగిరీ ఏడాదికి 11 లక్షల పైమాటే. కన్వీనర్ కోటాకు, మేనేజ్‌మెంట్ కోటాకు నోటిఫికేషన్లు వేరువేరుగా వస్తాయి, ఒకదానికి రిజిస్టర్ అయితే రెండోదానికి అయినట్టు కాదు. బీ కేటగిరీ, ఎన్నారై సీట్లు కూడా నీట్ ర్యాంకు మీద యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. సీటు ఇప్పిస్తానని అడ్వాన్స్ అడిగేవాడు ఎవరైనా సరే, మోసగాడే.

వెబ్ ఆప్షన్ల దగ్గర ఎక్కువమంది ఒకే చోట భయపడతారు. "ఉస్మానియా పైన పెడితే నా ర్యాంకుకు రాదు, దాంతో కింద ఉన్న కొత్తగూడెం కూడా పోతుందేమో" అంటారు. పోదు. కంప్యూటర్ మీ జాబితా పైనుంచి చూసుకుంటూ వస్తుంది, మీ ర్యాంకుకు మొదట ఎక్కడ ఖాళీ కనిపిస్తే అది ఇస్తుంది. కాబట్టి వస్తుందా రాదా అని ఆలోచించకుండా మీకు ఏది ఎంత ఇష్టమో ఆ వరసలోనే పెట్టండి. ఇంకో పక్క, వెళ్లి చేరడం ఇష్టం లేని కాలేజీని జాబితాలో పెట్టనే పెట్టొద్దు. తర్వాతి రౌండులో మెరుగైన సీటు కోసం ఆప్షన్ ఇచ్చి అది వస్తే, చేతిలో ఉన్న పాత సీటు అప్పటికే ఇంకొకరికి వెళ్లిపోయి ఉంటుంది.

ఎంసీసీ రౌండ్ల నియమాలు గుర్తుపెట్టుకోండి. మొదటి రౌండులో సీటు వచ్చి చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. ఆ తర్వాత రౌండ్లలో ఇంకా కఠినం, మిగిలిపోయిన సీట్లకు పెట్టే చివరి స్ట్రే రౌండులో సీటు తీసుకుని వదిలేస్తే ఏడాది పాటు డిబార్ చేస్తారు.

కాలేజీ ఎంపికలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డాక్టర్ చదువు రోగి మంచం పక్కన నేర్చుకునేది. ఉస్మానియా, గాంధీ, వరంగల్ కాకతీయ, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ, గుంటూరు, కర్నూలు లాంటి పాత కాలేజీలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో ఉండే రోగుల సంఖ్య, రకరకాల జబ్బులు వేరే చోట దొరకడం కష్టం. కొత్తగూడెం 2022లో, మా ఖమ్మం ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో వచ్చాయి. జిల్లా ఆసుపత్రి రద్దీ ఉన్న కొత్త ప్రభుత్వ కాలేజీని, లక్షలు పోసే ప్రైవేటు సీటు కన్నా నేను ముందు పెడతాను. ఇంటికి దగ్గర అన్నది మాత్రం చివరి కారణంగా చూడండి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. దూరం అని ఉస్మానియా వద్దనుకుని పక్క ఊళ్లో చేర్చడం ఆ అమ్మాయికి అన్యాయం.

విదేశాల మాట ఎత్తితే

సీటు రాకపోతే జార్జియా, కిర్గిజిస్తాన్ పేర్లు చెబుతూ ఏజెంట్లు ఇంటికే వస్తారు. ముందు మూడు విషయాలు అడగండి. కోర్సు 54 నెలలకు తగ్గకుండా, ఇంగ్లిష్‌లో, ఒకే సంస్థలో ఉందా? అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉందా? ఆ డిగ్రీతో ఆ దేశంలో వైద్యం చేసే అర్హత వస్తుందా? 2021 నవంబర్‌లో ఎన్‌ఎంసీ పెట్టిన నియమాలివి. వీటిలో ఏది లేకపోయినా తిరిగొచ్చాక ఇక్కడ రిజిస్ట్రేషన్ రాదు. వెళ్లాలన్నా నీట్ క్వాలిఫై కావాలి. తిరిగొచ్చాక విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లకు పెట్టే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి, ఆ పరీక్ష పాసయ్యేవాళ్లు ఇటీవల నూటికి ముప్పై మందికి మించడం లేదు. ఇల్లు తాకట్టు పెట్టేముందు ఈ అంకె ఇంట్లో అందరూ వినాలి.

ఇదే నీట్ ర్యాంకుతో బీడీఎస్, ఆయుర్వేదం, హోమియోపతి ఉన్నాయి. పుణెలోని సైనిక వైద్య కాలేజీ ఏఎఫ్‌ఎంసీకి కూడా నీట్ స్కోరే మొదటి మెట్టు, ఆ తర్వాత వాళ్ల పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. చదువు ఖర్చు ప్రభుత్వానిదే, సైన్యంలో పనిచేస్తామని బాండ్ ఇవ్వాలి.

చేరే రోజు

అలాట్‌మెంట్ ఆర్డర్ వచ్చాక ఇచ్చిన గడువు కొద్ది రోజులే, చివరి రోజు సాయంత్రం దాకా ఆగకండి. యూనివర్సిటీ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టిన రసీదు, నీట్ ర్యాంక్ కార్డు, పది మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒరిజినల్స్‌తో సహా తీసుకెళ్లాలి. ఒరిజినల్స్ కాలేజీ వాళ్లు ఉంచుకుంటారు కాబట్టి ముందే ప్రతిదీ స్కాన్ చేసి మెయిల్‌లో దాచుకోండి, నాలుగు సెట్లు జిరాక్స్ ఇంట్లో ఉంచండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లు చేరిన వెంటనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో రిజిస్టర్ కావాలి. చదువు మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అని ఒక బాండ్ మీద సంతకం అడుగుతారు. అందులో అంకె ఎంతో చదివి, అమ్మానాన్నలకు వినిపించి, అప్పుడు సంతకం పెట్టండి.